కూతురు ఆకాశంలోంచి దూకుతానంటే...

(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



మొన్నొక సాయంత్రం మా ఎదురింటావిడ పొయ్యి మీద పాలు కూడా దించకుండా పరుగెత్తుకొచ్చి, "వదినగారూ, మా అమ్మాయికి మతి పోయిందండీ" అన్నారు. ఏమిటా అని హడలిపోయాను. తీరా చూస్తే, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల ఫోను చేసి, దాచుకున్న జీతం డబ్బుతో విమానంలోంచి పారాచూట్‌తో దూకడం నేర్చుకుంటానందట. దాన్నే స్కైడైవింగ్ అంటారు. "కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్ళెలా అవుతుందండీ? మీరయినా గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టండి" అని ఆవిడ గోల.

నాకు డాబా పిట్టగోడ మీంచి వంగి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నేనేం చెప్పను? కాని ఒక్క మాట అడిగాను. "ఆ పిల్ల మీతో చెప్పకుండా వెళ్ళలేదంటారా?" అని. వెళ్ళగలదు. మేజరు, సొంత సంపాదన. అయినా అమ్మని అడిగింది. అడిగిన పిల్లకి "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఈసారి అడగదు. అంతే తేడా. అందుకని చీవాట్లు వాయిదా వేసి, అసలీ విద్యలో ఏముందో ఇద్దరం తెలుసుకుందామనుకున్నాం. తెలుసుకున్నది మీకూ చెబుదామని ఇవాళ వచ్చాను.

ఇది మగవాళ్ళ విద్య అనుకుంటాం గానీ, కాదండీ. అమెరికాలో జార్జియా బ్రాడ్‌విక్ అనే పిల్ల ఉండేది. పొట్టిగా ఉండేదని 'టైనీ' అనేవారు. పదమూడేళ్ళకే తల్లయి, నూలు మిల్లులో చాకిరీ చేసిన పిల్ల. 1908లో పదిహేనేళ్ళప్పుడు బెలూన్ మీంచి మొదటిసారి దూకింది. 1914లో సైన్యం వాళ్ళ ముందు దూకి చూపిస్తుంటే, పారాచూట్‌ని తెరిచే తాడు విమానం తోకకి చిక్కుకుంది. మరుసటిసారి ఆ తాడునే కోసేసి, కాసేపు పడిపోయి, తన చేత్తోనే పారాచూట్ తెరుచుకుంది. మన దేశంలో 1959లోనే వైమానిక దళంలో డాక్టరు గీతా చందా ఆగ్రాలో దూకారు. రాచెల్ థామస్‌గారు 1979లో ఆగ్రాలోనే మొదలుపెట్టి, 2002లో ఉత్తర ధ్రువం మీద 7,000 అడుగుల ఎత్తునించి దూకారు. ఆవిడ ఇద్దరు బిడ్డల తల్లి. పూనాకి చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయిలాండ్‌లో తొమ్మిది గజాల చీర కట్టుకుని, దాని మీద పట్టీలు బిగించి మరీ దూకింది!

సరే, కొత్తవాళ్ళకి ఎలా నేర్పుతారు? మూడు పద్ధతులు. మొదటిది, శిక్షకుడి ఒంటికి మనని పట్టీలతో బిగించి ఇద్దరూ ఒకే పారాచూట్ మీద దిగడం. ఇందులో మనం నేర్చుకునేది తక్కువ. చంకనెక్కిన బిడ్డలాగా ఆయన చెప్పినట్టు ఉంటే చాలు. రెండోది, సుమారు 3,500 అడుగుల ఎత్తులో ఒక్కరే దూకడం. విమానానికి కట్టిన పట్టీ లాగడంతో పారాచూట్ దానంతటదే తెరుచుకుంటుంది. మూడోదానిలో 10,000 నించి 13,000 అడుగుల దాకా తీసుకెళ్ళి, ఇద్దరు శిక్షకులు చెరో పక్కా పట్టుకుని మనతోపాటు దూకుతారు. పారాచూట్ మాత్రం మనమే తెరుచుకోవాలి.

చిత్రమేమిటంటే, ఒంటరిగా దూకేవాళ్ళ మొదటి రోజు చదువంతా నేలమీదే. బోర్లా పడుకుని పొట్ట ముందుకీ, తల పైకీ ఎత్తి ఒంటిని విల్లులా వంచడం ఒకటికి పదిసార్లు చేయిస్తారు. ఆ భంగిమలో ఉంటేనే గాలిలో పల్టీలు కొట్టకుండా పొట్ట కిందికి ఉండి పడతాం. తర్వాత పట్టీలతో వేలాడదీసి, "పైకి చూడు. పారాచూట్ నలుపలకలుగా విచ్చుకుందా? తాళ్ళు చిక్కుపడ్డాయా? తిప్పితే తిరుగుతోందా?" అని అడుగుతారు. ఏదైనా తేడా ఉంటే ఎర్ర పిడి లాగి దాన్ని వదిలించుకుని, రెండో పిడి లాగి అదనపు పారాచూట్ తెరవాలి. అవునండీ, వీపు మీద సంచిలో ఎప్పుడూ రెండు పారాచూట్‌లు ఉంటాయి. ఆ రెండోదాన్ని ప్రత్యేకంగా అర్హత పొందినవారే మడతపెట్టాలి. మనిషి స్పృహ తప్పినా, కంగారులో మరిచిపోయినా, నేలకి దగ్గరపడ్డాక దానిని తెరిచే చిన్న యంత్రం కూడా ఒకటి అమరుస్తారు.

ఇక గాలిలో సంగతి. ఉయ్యాల మీంచి కిందికి వచ్చేటప్పుడు కడుపులో జిల్లుమంటుందే, విమానంలోంచి దూకితే అది అంతగా ఉండదట! విమానం వేగం అప్పటికే మన ఒంటిలో ఉంటుంది కనుక, గాలి పరుపులా మోస్తున్నట్టుంటుంది. మొదటి వెయ్యి అడుగులు పడడానికి పది సెకన్లు, ఆ తర్వాత ప్రతి వెయ్యి అడుగులకీ అయిదారు సెకన్లే. అంటే గంటకి సుమారు 200 కిలోమీటర్ల వేగం. అయినా అంత ఎత్తునించి నేల దగ్గరికి వస్తున్నట్టు కంటికి తెలియదు. అసలు ప్రమాదం అక్కడుంది. పడుతున్నామన్న సంగతి ఒళ్ళు చెప్పదు. అందుకే చేతికి గడియారంలా ఎత్తు చూపే ఆల్టిమీటర్ కడతారు. మాటిమాటికీ దాన్ని చూస్తూ, నేర్చుకునేవాళ్ళు సుమారు 5,000 అడుగుల దగ్గర పారాచూట్ తెరవాలి. పొయ్యి మీద పాలు పెట్టి నవల చదివేవాళ్ళకి పనికొచ్చే విద్య కాదు సుమండీ!

పారాచూట్ తెరుచుకున్నాక నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా దిగుతాం. రెండు చేతుల్లో రెండు పిడులు. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి. ఎదురుగాలికి తిరిగి, నేల రెండు నిలువుల ఎత్తులో ఉందనగా రెండూ కలిపి కిందికి లాగితే వేగం తగ్గుతుంది. పాదాలు, మోకాళ్ళు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, పక్కకి దొర్లాలి. బిగుసుకుని నిలబడితేనే ఎముక విరిగేది.

మరి ప్రాణభయం లేదా అంటే, ఉంది. లేదని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. అమెరికాలో 2023లో 36 లక్షలకి పైగా జంపులు జరిగితే, పదిమంది చనిపోయారు. లెక్కకి తక్కువే. కాని ఆ పదిమందికీ తల్లులున్నారు కదా. పారాచూట్ చక్కగా తెరుచుకున్నాక కూడా, దిగేటప్పుడు చేసిన పొరపాటువల్ల పోయేవాళ్ళున్నారు. మడమలు బెణకడం, కాళ్ళు విరగడం కూడా దిగేటప్పుడే ఎక్కువ. గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరుని అడగనిదే వెళ్ళకూడదు. గర్భవతులు వెళ్ళనే కూడదు.

ఇదంతా విన్నాక మా ఎదురింటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వదినగారూ, దాన్ని వద్దనడం కాదు, ఇవి అడగాలన్నమాట" అని, మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నారు. నేర్పేవాళ్ళకి అర్హత పత్రం ఉందా? రెండో పారాచూట్‌ని ఎవరు, ఎప్పుడు మడతపెట్టారు? గాలి ఎక్కువగా ఉన్న రోజున డబ్బు కట్టినవాళ్ళని కూడా ఆపేస్తారా? అమెరికాలో నేర్చుకునేవాళ్ళకి నేలమీద గాలి గంటకి 22 కిలోమీటర్లు దాటితే దూకనివ్వరు. "వచ్చాం కదా" అని తోసేచోటికి ఎవరూ వెళ్ళకూడదు.

ఆ రాత్రే ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. మొదటి రెండింటికీ పిల్ల జవాబు చెప్పింది. మూడోదానికి కాసేపు ఆగి, "అది అడగలేదమ్మా. కనుక్కున్నాకే డబ్బు కడతాను" అంది. ఆవిడ గొంతు సవరించుకుని, "మీ నాన్నగారికి నేను చెబుతాలే. వెళ్ళే రోజు మాత్రం ముందు చెప్పు. దిగగానే ఫోను చెయ్యి" అన్నారు.

ఫోను పెట్టేశాక చూస్తే ఆవిడ చేతులు వణుకుతున్నాయి. భయం పోలేదు. ఆ పిల్లకీ పోదు, విమానం తలుపు దగ్గర నిలబడినప్పుడు. కాని ఇప్పుడు ఆ భయం సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోగలరు. మీ ఇంట్లో పిల్లలు కూడా ఏదో ఒకనాడు ఇలాంటి మాటే తెస్తారు. అది ఆకాశం కాకపోవచ్చు, మరొకటి కావచ్చు. వద్దనే ముందు ఒక కాగితం, కలం తీసుకోండి.