పాత హీరో మళ్లీ వస్తే: రిటైరైన క్యారెక్టర్‌ని ఎన్‌పీసీగా ఎట్ల తేవాలి?

బసంత్‌నగర్ నుంచి మాట్లాడుతున్న. వెనకాల లారీల చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. మా ఇల్లు రాజీవ్ రహదారికి దగ్గర, సిమెంటు లారీలు రాత్రీ పగలూ తిరుగుతనే ఉంటయి.

ఇయ్యాల నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా. ఆ తప్పుతోని ఒక మంచి దోస్తుని దాదాపు పోగొట్టుకున్న. ఆటలో జరిగిందే, కానీ ఆటతోని అయిపోలేదు.

కొత్తగా చూసేటోళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే నలుగురైదుగురు కూర్చొని కథ ఆడటం. ఒకరు డీఎం, అంటే కథ నడిపేటోళ్లు. మిగతావాళ్లు ఒక్కొక్క క్యారెక్టర్ పట్టుకుంటారు. అనుమానం ఉన్న కాడ డైస్ వేస్తారు. ఆటగాళ్ల చేతిలో ఉన్నది పీసీ. డీఎం ఆడించే రాజు, కొట్టాయన, కావలాయన, వీళ్లంతా ఎన్‌పీసీలు. అంతే.

మా ఆటలో కోటలు, డ్రాగన్లు తక్కువ. మా డంజన్ బొగ్గుబాయి. నిజం చెప్పండి, గోదావరిఖని పిలగాళ్లకు ఇంతకంటే మంచి డంజన్ ఎక్కడ దొరుకుతది? భూమి లోపల చీకటి, కొమ్మలు కొమ్మలుగా పోయే గ్యాలరీలు, నీళ్లు, గ్యాసు, ఎప్పుడు కూలుతదో తెలియని పైకప్పు. అందులో మా హీరో సర్దార్ కొమురన్న. మా దోస్తు ఆడేటోడు. కొమురన్న ఏ కొత్త గ్యాలరీలకు పోయినా మొదలు కర్రతోని పైకప్పు తట్టేటోడు. చప్పుడు గట్టిగా వస్తే లోపలికి, డొల్లగా వస్తే వెనక్కి. ఇది మేం కల్పించింది కాదు, నిజం బాయిలల్ల చేసే పనే. మా దోస్తు తన తాత దగ్గర విన్నడు. రెండేండ్లు ఆడినం. కొమురన్న తొమ్మిదో లెవెల్‌కు వచ్చిండు.

తర్వాత మా దోస్తు దుబాయి పోయిండు. మా దిక్కు ఇది కొత్త కాదు కదా. చివరి సెషన్‌ల కొమురన్న తన దీపం ఒక చిన్న పిలగానికి ఇచ్చి బాయి మీదికి ఎక్కి వచ్చిండు. రిటైర్. అందరం కండ్లు తుడుసుకున్నం. (నవ్వు) అవును, డైస్ ఆటకే.

ఏడాది తర్వాత కొత్త క్యాంపెయిన్ మొదలువెట్టిన. ముగ్గురు కొత్త పిలగాళ్లు వచ్చిండ్రు. నాకొక పెద్ద ట్విస్టు కావాలె. ఏం జేసిన? కొమురన్నని తెచ్చిన. ద్రోహిగా. బాయిని శత్రువులకు అమ్మింది కొమురన్నే అని పెట్టిన. కొత్త పిలగాళ్లు షాక్. ఫైట్ మస్తుగ నడిచింది, కొమురన్న సచ్చిపోయిండు. నేను గర్వంగా ఆ సీన్ మొత్తం పాత వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిన.

రాత్రి డ్యూటీ దిగినంక మా దోస్తు చూసిండు. ఒక్కటే మెసేజ్: "అమ్ముకున్నవా వాణ్ని?" తర్వాత నెల దినాలు మాట లేదు.

చివరికి ఫోన్ ఎత్తినప్పుడు అన్నడు: "నేను ఇక్కడ పన్నెండు మందితోని ఒక రూముల ఉంటున్నరా. అక్కడ నాది ఒక కుర్చీ ఉన్నది, వచ్చినప్పుడు కూర్చుంట అనుకున్న. నువ్వు ఆ కుర్చీనే కాల్చినవ్."

దోస్తులు, అప్పుడు అర్థమైంది నాకు. ఆటగాడు వెళ్లిపోయినా క్యారెక్టర్ డీఎం సొత్తు కాదు. మన దగ్గర దాచిపెట్టిన వస్తువు.

ఇది నా ఒక్కనికే వచ్చిన సమస్య అనుకోకండి. ఈ ఆట ఎంత పాతదో ఈ సమస్య అంత పాతది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ చేశారు. ఇప్పుడు పుస్తకాల మీద కనిపించే మోర్డెన్‌కైనెన్ అనే మాంత్రికుడు ఒకప్పుడు గైగాక్స్ స్వయంగా ఆడిన క్యారెక్టర్. టెన్సర్ ఆయన కొడుకు ఎర్నీ ఆడిన క్యారెక్టర్. రోబిలార్ ఆయన దోస్తు రాబ్ కుంట్జ్‌ది. ఇంట్లో టేబుల్ మీద పుట్టినవాళ్లంతా మెల్లగా గ్రేహాక్ అనే ప్రపంచంలో ఎన్‌పీసీలైపోయారు.

తర్వాత గైగాక్స్ ఆ కంపెనీ నుంచి వెళ్లిపోయాడు. 1991లో గ్రేహాక్ వార్స్ అనే బాక్స్ వచ్చింది. అందులో కథ రాసినవాళ్లు టెన్సర్‌ని చంపేశారు. చంపింది రారీ. ఆ రారీ కూడా ఒకప్పుడు ఒకరు ఆడిన క్యారెక్టరే. రోబిలార్‌ని ఆ ద్రోహి పక్కన నిలబెట్టారు. మరి ఏమైంది? 1998లో ఇంకో పుస్తకం వేసి టెన్సర్‌ని మళ్లీ బతికించాల్సి వచ్చింది. 2007లో ఇంకో పుస్తకంలో, ఆ చెడ్డపనులు చేసింది అసలు రోబిలార్ కాదు, వేరే లోకం నుంచి వచ్చిన అతని డూప్ అని రాశారు. అంటే మన తెలుగు సినిమాలల్ల చూసే డబుల్ యాక్షన్ అన్నట్టు.

నేను కూడా మా దోస్తుకు అదే చెప్పిన: "డూప్ అని పెడతరా, సెట్ అయితది." వాడు ఏమన్నడంటే, "కథను సెట్ చెయ్యకు. తప్పు ఒప్పుకో." అంతే. తర్వాతి ఆదివారం టేబుల్ దగ్గర కొత్త పిలగాళ్లకు చెప్పిన: అది నా తప్పు, ఆ సెషన్ జరగలేదు, మళ్లీ ఆడదాం. ఎవ్వరూ గొడవ చెయ్యలేదు. ఒక పిలగాడైతే "అన్న, మాకు కూడా వాణ్ని చంపుడు ఏదోలాగ అనిపించింది" అన్నడు.

సరే, మరి పాత హీరోని ఎట్ల తేవాలి? దీనికి జవాబు మనింట్లనే ఉన్నది. భారతం.

అరణ్యపర్వం గుర్తుందా? భీముడు సౌగంధిక పువ్వు కోసం పోతున్నడు. దారికి అడ్డంగా ఒక ముసలి కోతి పడుకొని ఉన్నది. లేవమంటే, నాకు చేతకాదు, తోక పక్కకు జరిపి పో అన్నది. భీముడు ఎంత గుంజినా తోక కదల్లేదు. ఆ కోతి హనుమంతుడు. రామాయణం క్యాంపెయిన్‌లో సముద్రం దూకిన మనిషి! ఇక్కడ ఏం చేసిండు? పువ్వు తెచ్చి ఇచ్చిండా? లేదు. కౌరవులను కొట్టిండా? లేదు. భీముని గర్వం దించిండు, దారి చెప్పిండు, అర్జునుని జెండా మీద ఉంటా అని మాట ఇచ్చిండు. యుద్ధం మాత్రం పాండవులదే. పాత హీరో ఎన్‌పీసీగా రావడమంటే ఇట్ల. బలం అంతా తోకలో కనిపించింది, కథ మాత్రం భీముని చేతిలోనే ఉన్నది.

దీని మీద నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెప్తా.

మొదటిది, అడుగు. ఆడినోళ్లని మూడు ప్రశ్నలు అడుగు. మీవాడు ఎన్నటికీ చెయ్యని పని ఏంది? ఇన్నేండ్లు ఏం చేస్తూ ఉండి ఉంటడు? వానికి ఏమన్న కావచ్చా, అంటే దెబ్బ తగలొచ్చా, చావొచ్చా? రెండు నిమిషాల వాయిస్ నోట్ చాలు. ఫోన్ దొరకకపోతే, అందుబాటులోకి రాకపోతే, పేరు చెప్పి గౌరవంగా దాటిపో. చంపకు, చెడగొట్టకు.

రెండోది, చిన్న పని ఇవ్వు. తొమ్మిదో లెవెల్ షీట్ మొత్తం తీయకు. పాత హీరో ఫైట్ చేస్తే కొత్త పిలగాళ్లు ప్రేక్షకులు అయిపోతరు. ఒక మాట, ఒక వస్తువు, ఒక హెచ్చరిక. అంతే ఇవ్వాలె.

మూడోది, ఒక అలవాటు పట్టుకో. గొంతు మిమిక్రీ అక్కర్లేదు. కొమురన్న వస్తే కర్రతోని తట్టాలె. ఆ ఒక్కటి ఉంటే పాతోళ్లు గుర్తుపడతరు.

నాలుగోది, కాలం కనిపించాలె. ఎట్ల వదిలినమో అట్లనే ఉంటే అది ఫోటో అయితది, మనిషి కాదు. జుట్టు తెల్లబడనియ్యి. మోకాళ్లు నొయ్యనియ్యి.

ఐదోది, ఆటగాడు తిరిగి వస్తే షీట్ వాని చేతిల పెట్టు. క్రిటికల్ రోల్ చూసేటోళ్లకు తెలుసు, మొదటి క్యాంపెయిన్ హీరోలు తర్వాతి క్యాంపెయిన్‌లల్ల కనిపిస్తరు, ఆడినోళ్లు మళ్లీ పట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నయి. తలుపు తెరిచి పెట్టడం అంటే అదే.

చివరగా ఒక్క మాట. మా బాపు సింగరేణిల రిటైరైండు. పొద్దుగాల ఇప్పటికీ మొదటి షిఫ్టు టైముకే లేస్తడు. చాయ్ హోటల్ కాడ కూర్చుంటడు. కొత్తగా డ్యూటీల చేరిన పిలగాళ్లు వచ్చి, "కాకా, మా కాడ సపోర్టు ఇట్ల పెట్టిండ్రు, మంచిదేనా?" అని అడుగుతరు. బాపు బాయిలకు దిగడు. చాయ్ గిలాస పక్కకు వెట్టి, టేబుల్ మీద వేలుతోని తట్టి, చప్పుడు ఎట్ల వినాలెనో చెప్తడు. పిలగాళ్లు పోతరు. నేను చానా రోజులు అది చూసి, పాపం బాపు పని అయిపోయింది అనుకున్న. ఇప్పుడు అట్ల అనుకుంటలేను.

మా ఆటలో కొమురన్న ఇప్పుడు బాయి మూతి కాడ చాయ్ హోటల్ పెట్టిండు. దిగేటోళ్ల దీపాలు చూస్తడు, టేబుల్ తట్టి చూపిస్తడు. పోయిన నెల మా దోస్తు సెలవు మీద వచ్చిండు. వచ్చి కూర్చున్నడు. నేను ఏం మాట్లాడకుండా షీట్ ముందట పెట్టిన. వాడు చూసి, డైస్ పట్టుకొని, కొత్త పిలగాళ్లను అడిగిండు: "ఏం రా, పైకప్పు తట్టి చూసిండ్రా లేదా?"

మీ టేబుల్ మీద కూడా ఎవరో ఒకరు వెళ్లిపోయి ఉంటరు. ఇయ్యాల వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి: "మీవాడు ఇప్పుడు ఏం చేస్తుండు?" అని. వాళ్లేం చెప్పిండ్రో కామెంట్‌ల రాయండి, అన్నీ చదువుతా. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.