కప్పు మాట వినేటోళ్ళు
(శ్రీరాంపూర్ కార్మికవాడలో దళిత కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కలారా, వెనక గోడకానుకొని కూసున్న మా పెద్దమనుషులారా! జై భీమ్.

బడిపంతుళ్ళను సభకు పిలిస్తే చదువు గురించి చెప్తరనుకుంటరు. మేమూ చదువు గురించే చెప్తం. కాకపోతే అది బడిలో దొరకని చదువు.

మొన్న వాడలో ఒక మాట విన్నం. "మా నాయినకు అన్‌ఫిట్ రాకపాయె, ఇంకెన్నేండ్లు బాయికి పోతడో" అని డిగ్రీ చదివిన పిల్లగాడు అన్నడు. మా దగ్గర చదువుకున్నోడే. మాకు కోపం రాలేదు, భయమైంది. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టేసినంక, తండ్రి చనిపోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో కొడుక్కు కొలువు అనే దారి మిగిలింది. ఇన్నేండ్లు అన్నం పెట్టిన మనిషి రోగిష్టి కావాలెనని ఇంటోళ్ళే ఎదురుచూసే కాలమొచ్చింది. 2021లో రిటైర్మెంటు వయసు 60 నుంచి 61కి పెంచితే మనవాళ్ళే కొందరు మొఖం మాడ్చుకున్నరు.

పిల్లల బాధ అబద్ధం కాదు. కాని లెక్క చూడుండ్రి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా కార్మికులు. ఇప్పుడు పర్మనెంటు వాళ్ళు నలభై వేల చుట్టూ ఉన్నరు. అన్ని కొలువులు మాయమైంది ముసలోళ్ళు దిగిపోకపోయినందుకా? యంత్రాలొచ్చినయి, ఓపెన్‌కాస్టులొచ్చినయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. దొంగ బజార్ల తిరుగుతుంటే మనం మన నాయిన జేబు వెతుకుతున్నం.

మా నాయిన కోల్ ఫిల్లర్. దొర గడీల వెట్టి చెయ్యలేక ఊరిడిసి వచ్చిన మాదిగ మనిషి. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిండు. అక్షరమ్ముక్క రాదు. బాయిల దిగిన కొత్తల ఒక ముసలి టింబర్‌మన్ ఆయనకు నేర్పిన విద్యను మాకు సద్దిగిన్నె మూత కొట్టి చూపెట్టేటోడు. కప్పును సబ్బలుతోటి తట్టాలె. ఖంగుమంటే గట్టి బండ. డొల్ల సప్పుడొస్తే పొర ఇడిసిందన్నట్టు, దాని కింద నిలబడొద్దు. ఒక చెయ్యి కప్పుకానించి ఇంకో చేత్తో తట్టాలె, చెవికందని అదురు అరచేతికి అందుతది. సన్నమన్ను రాలుతున్నదా, కట్టె దిమ్మ కిరకిరమంటున్నదా చూడాలె. కట్టె ఇరిగేముందు చెప్పి ఇరుగుతది. ఇప్పుడేసే ఇనుప రూఫ్ బోల్టు అంత చెప్పదు. అందుకే తట్టి వినేవాళ్ళ అవసరం ఇప్పటికీ పోలేదు.

డప్పు కాపి మంటకు బిగిసిన తోలును వేలితో తట్టి శృతి పట్టే చెవి మనది. ఆ చెవే బాయిల బండ శృతి పట్టింది. అయినా దాన్ని కూలిపని అన్నరు గని విద్య అన్లేదు. చదువొచ్చినోడు పరీక్ష రాసి సర్దారయ్యిండు, ఓవర్‌మన్ అయ్యిండు. వాళ్ళమీద మాకు కడుపుమంట లేదు, పరీక్ష అవసరమే. కాని బడి గడప తొక్కనియ్యని కులం, బాయిల కూడ తొక్కనియ్యలేదు. పనిచేసేటోళ్ళనే మెట్లుమెట్లుగ విడదీసింది కులమని బాబాసాహెబ్ 1936లోనే తేల్చిండు. ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసేటప్పుడు, 1943లో, ధన్‌బాద్ దిక్కు స్వయంగా బొగ్గు గనిలోకి దిగి చూసిండు. కాగితం మీది బాయి వేరు, దిగి చూసిన బాయి వేరు.

ఇగ మన ఎస్సార్పీ 3 సంగతి. 2021 నవంబర్ 10న కప్పు కూలి నలుగురు చనిపోయిండ్రు. ఇద్దరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ టింబర్‌మెన్లు. ఇద్దరు ముప్పై అటూఇటూ వయసున్న బదిలీ వర్కర్లు. పెద్దోళ్ళూ పిల్లలూ ఒక్క బండ కిందనే పోయిండ్రు. కాబట్టి ముసలోడుంటే చాలు, ప్రాణానికి ఢోకా లేదని మేం అబద్ధం చెప్పం. అనుభవం ఉండాలె, దానికి పని ఆపే మాట కూడ ఉండాలె. "ఇక్కడ నాకు నచ్చుతలేదు" అని పెద్ద కార్మికుడు అంటే, ఉత్పత్తి టార్గెట్ పక్కకు పెట్టి మనుషులను వెనక్కి తీసే పద్ధతి కావాలె.

పిల్లలను తక్కువ చేస్తున్నమనుకోవద్దు. గ్యాసు కొలిచే మిషను లెక్క వాళ్ళు చదువుతరు. నోటీసు బోర్డు మీది సర్క్యులర్ వాళ్ళు చదివి చెప్తరు. మా నాయిన ఉన్నన్ని దినాలు ఎవడన్న చదివి చెప్తడేమోనని బోర్డు కాడ నిలబడేటోడు. ఒక గ్యాంగుల ఇద్దరూ ఉంటే ఒకని చెవి, ఇంకొకని కన్ను కలుస్తయి.

1966 నుంచి గనుల్లో వృత్తి శిక్షణ రూల్సున్నయి, వీటీసీలున్నయి. ఆ శిక్షణల ముప్పై ఏండ్లు కప్పు కింద బతికిన మనిషిని పాఠం చెప్పే కుర్చీల కూసోబెట్టాలె. మోకాళ్ళు అరిగి, దమ్ముపట్టి మూల లెవల్ దాకా నడవలేని పెద్దోళ్ళకు జీతం కొయ్యకుంట ఆ పనియ్యాలె. రోగమున్నోనికి అన్‌ఫిట్ హక్కుగ రావాలె, దళారికి లక్షలు పోసి కొనుక్కునే గతి ఉండొద్దు. లేనోన్ని రోగి కమ్మని ఇంట్ల సతాయించొద్దు. కొలువు కావాల్నంటే ఖాళీలు నింపుమని, మట్టిపని కాంట్రాక్టు కార్మికులకు హక్కులియ్యుమని జీఎం ఆఫీసు ముందట కూసుందాం. తండ్రి, కొడుకు ఒక్క జెండా పట్టుకొని కూసుందాం.

పై ఆదివారం పొద్దుమీకి మన వాడ బడిల కలుద్దాం. గోడకానుకొని కూసున్న పెద్దమనుషులు ముందటి బెంచీల మీద కూసుంటరు. మీకు తెలిసిన కప్పు మాటలన్ని చెప్పుండ్రి, మా పిల్లలు నోటుబుక్కుల రాసుకుంటరు. సబ్బలు ఎవరన్న తీసుకరాండ్రి. జై భీమ్.