క్రియ కింద గీత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1993 టెన్త్ బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగం)

ముందు వరసలో మా బ్యాచ్ వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. ప్రార్థన చదవమంటేనే కాళ్లు వణికినదానికి ఇవాళ మైకు ఇచ్చారు మరి.

అమెరికాలో నర్సునంటే అందరూ డాలర్ల గురించే అడుగుతారు. అందుకని డాలర్లు ఆగిపోయిన రోజు గురించి చెబుతాను.

నేను ట్రావెల్ నర్సును. ఆసుపత్రిలో నర్సులు చాలనప్పుడు ఏజెన్సీ ద్వారా మమ్మల్ని పిలిపిస్తారు. సాధారణంగా 13 వారాల ఒప్పందం. అది అయ్యాక పొడిగిస్తారు, లేదంటే ఇంకో ఊరు. జీతంలో కొంత భాగం ఇంటద్దెకు, భోజనానికి అని పన్ను లేకుండా వస్తుంది. అలా రావాలంటే సొంత ఊళ్లో ఇంటి ఖర్చు కూడా మనమే భరిస్తూ ఉండాలి. అంటే ఎప్పుడూ రెండు ఇళ్ల ఖర్చు. కరోనా రోజుల్లో మా రేట్లు బాగా పెరిగాయి. 2022లో కరోనా రోగులు తగ్గాక ఆసుపత్రులు ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టాయి. ముందు మేమే కనిపించాం.

ఆ ఏడాది ఏప్రిల్లో టెక్సస్ నుంచి కాలిఫోర్నియాకు కారు నడుపుకుంటూ వెళ్లాను. టెక్సస్ లైసెన్సు చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది గానీ కాలిఫోర్నియాలో చెల్లదు. దానికి వేరే లైసెన్సు, వేలిముద్రలు, ఎదురుచూపు. అన్నీ అయ్యాయి. కారులో యూనిఫాంలు, ప్రెషర్ కుక్కరు, మా అమ్మ పంపిన కందిపొడి. గదికి అద్దె, అడ్వాన్సు కట్టేశాను.

మూడో వారంలో డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ఏజెన్సీ నుంచి ఫోను. ఇక రేపటి నుంచి వెళ్లక్కర్లేదన్నారు. నా వల్ల తప్పేం జరిగిందని అడిగాను. తప్పేం లేదు, పేషెంట్లు తగ్గారన్నారు. అంతే. ఆ రాత్రి నా పేషెంట్లలో ఒక ముసలాయనకు రేపు గడ్డం గీస్తానని మాటిచ్చి వచ్చాను. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ అది మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. నెలాఖరుకు ఆరోగ్య బీమా కూడా పోయింది. నర్సుకే బీమా లేదు, చూడండి!

గదిలో నేల మీద కూర్చుని ఒప్పందం మళ్లీ చదివాను. మన ఇంగ్లీషు మాస్టారు వాక్యం ఇస్తే ముందు క్రియ కింద గీత గీయమనేవారు, తర్వాత కర్త ఎవరో చెప్పమనేవారు. మాస్టారూ, మీ బెత్తం దెబ్బలు మర్చిపోయాను గానీ ఆ గీత మర్చిపోలేదు. పెన్సిలు తీసి అదే చేశాను. నర్సు కర్త అయిన ప్రతిచోటా 'షల్' ఉంది. ఆసుపత్రి కర్త అయినచోట 'మే' ఉంది. నేను మధ్యలో మానేస్తే నష్టం కట్టి తీరాలి. వాళ్లు మాత్రం రద్దు చేయవచ్చు. రెండు వారాల నోటీసు అని రాసి, వెంటనే 'పేషెంట్లు తగ్గినప్పుడు తప్ప' అన్నారు. వారానికి 36 గంటల గ్యారంటీ కూడా ఒప్పందం నడిచినంత కాలమే. కింద సంతకం నాదే. మోసమని అనలేను. కోపం మాత్రం తగ్గలేదు.

అదే వారం ఒప్పందం పోయిన ఒక కేరళ అమ్మాయి, నేను ఒకే గదిలో సర్దుకున్నాం. ఐదు వారాలు కందిపొడి, ఆవిడ చేపల పులుసు. తర్వాత తక్కువ రేటుకు ఇంకో ఊళ్లో పని దొరికింది.

ఇప్పుడు సంతకం పెట్టేముందు రద్దు గురించిన పేరా మార్చి రాయమని అడుగుతాను. అప్పుడప్పుడు మారుస్తారు, ఎక్కువసార్లు మార్చరు. మార్చకపోతే గది వారాల లెక్కన తీసుకుంటాను, రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుంటాను.

మన బడిలో చదివిన ఆడపిల్లలు చాలామంది ఇప్పుడు నర్సింగ్‌లో ఉన్నారని హెడ్మాస్టరు గారు చెప్పారు. గల్ఫ్ అయినా, జర్మనీ అయినా, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి అయినా చేతికి ఒక కాగితం ఇస్తారు. ఆదివారం దాకా మా అమ్మ వాళ్లింట్లోనే ఉంటాను. సంతకం పెట్టకముందే తీసుకురండమ్మా. పెన్సిలు నా దగ్గర ఉంది.