రెండు వారాలు దాటిన దగ్గును వదలొద్దు



హిందూపురం యార్డులో మిరపకాయలు మోసేటోళ్లు "ఘాటుకే దగ్గు" అంటారు. పెనుకొండ దిక్కు తండాల్లో "దుమ్ములే" అంటారు. ధర్మవరం మగ్గాల కాడ "చలిగాలి" అంటారు. కావచ్చు. కానీ రెండు వారాలైనా తగ్గకుంటే అది టీబీ కూడా కావచ్చు. కళ్లె పడకున్నా, పొడి దగ్గయినా పరీక్ష చేయించుకోండి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే రెండు వారాలూ ఆగొద్దు. రక్తం పడినా, ఆయాసమొచ్చినా అదే రోజు పోండి.

సర్కారు ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలల మందులు, మధ్యలో మానొద్దు. చికిత్స నడిచినన్నాళ్లు తిండికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడాలి. పడకుంటే అడగండి. అది దానం కాదు, మన హక్కు.

ఒక్కరోజు కూలి పోతాదని ఆగితే, ఇంట్లో పిల్లలకు అంటుకుంటాది.