నిలిచిపోయిన కంప్యూటరూ, అందులోని తెలుగూ
(వ్యాసర్పాడిలో తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన నెలలో ఈ పేటలోనే ఒక తెలుగు ఉపాధ్యాయుని ఇంటికి వెళ్లాను. ఆయన ఇప్పుడు లేరు. 2003లో ఆయన కొన్న కంప్యూటరు ఒక మూల గుడ్డ కప్పుకొని ఉంది. ఆయన రాసుకొన్న పాఠాలు, ప్రశ్నపత్రాలు, తల్లి నోట విని టైపు చేసిన పెళ్లిపాటలు అన్నీ అందులోనే ఉన్నాయట. మరొక చోట ప్రతి లేదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. "కాయలాన్ కడలో వేసేద్దాం అనుకొంటున్నాం సార్, చోటు దండగ" అన్నాడు మనుమడు. వాళ్ల నాయనమ్మ మాత్రం ఏమీ అనలేదు. నా ఈనాటి మాటలకు ఆ మౌనమే కారణం.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. పెట్టె నడవకపోవడం వేరు, అందులోని రాత చెడడం వేరు. రాత ఉండేది హార్డ్‌డిస్కులో. తక్కిన భాగాలన్నీ చెడిపోయినా డిస్కు పదిలంగా ఉండవచ్చు.

వెతకడం గోడ దగ్గర మొదలుపెట్టాలి. ఆ సాకెట్టులో వేరొక దీపం పెట్టి చూడండి. పెట్టె వెనుక ఎర్రని చిన్న మీట ఉంటే అది 230 వైపే ఉండాలి. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే లోపలి సరఫరా పెట్టె కాలిపోతుంది. మానిటరు తీగ ఊడిందేమో చూడండి. నవ్వకండి, ఆ ఇంట్లో మొదటి లోపం ఇంతే: కరెంటు తీగ వదులై ఉంది. బిగించగానే ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. లోపలి నుంచి ఆగి ఆగి పొడుగాటి కూత వినబడింది.

ఆ కూత యంత్రం భాష. తయారీదారును బట్టి అర్థం మారుతుంది గాని, పొడుగాటి కూత మళ్లీ మళ్లీ వస్తే తరచుగా ర్యాము సరిగా కూర్చోలేదని అర్థం. మన ఉప్పుగాలికి, ఉక్కకు దాని అంచుల మీద మకిలి పడుతుంది. ప్లగ్గు పూర్తిగా తీసి, మీటను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి, ఆ తరువాతే ర్యాము పలకను బయటికి తీయాలి. పిల్లల రబ్బరుతో అంచులను మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండు వైపులా టక్కుమనేటట్టు తిరిగి అమర్చాలి. సరఫరా పెట్టెను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

కూత ఆగింది. తెర వెలిగింది. సంవత్సరం 2002 అని చూపించి, డిస్కు కనబడలేదని చెప్పి నిలిచిపోయింది. పాత యంత్రంలో లోపం ఒక్కటే ఉంటుందనుకోరాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, పేరు సీఆర్ 2032, మూడు వోల్టులది. అది నీరసిస్తే యంత్రం తేదీని, తన అమరికలను మరచిపోతుంది. కొత్తది వేసి, అమరికలలో డిస్కును తిరిగి చూపించాం.

కొందరి యంత్రాలు ఇంత సులువుగా లొంగవు. 2000 ప్రాంతం మొదలు కొన్నేళ్లపాటు వచ్చిన చాలా బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. వాటి తలలు ఉబ్బి కనబడితే ఆ బోర్డు మీద ఆశ తగ్గించుకొని డిస్కును విప్పండి. దాన్ని యుఎస్‌బి ద్వారా మరో కంప్యూటరుకు కలిపే అడాప్టరు రిచీ వీధిలో దొరుకుతుంది. పాత వెడల్పు పట్టీ తీగ డిస్కా, 2003 నుంచి వచ్చిన సాటా డిస్కా అని చూసి కొనాలి. పెద్ద డిస్కుకు వేరే కరెంటు సరఫరా కూడా కావాలి. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే ఆపేయండి. ప్రతిసారీ నడిపి చూడడం దాన్ని ఇంకా గాయపరచడమే. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులో ఈ పేట ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి కదా. అలా తడిసిన డిస్కుకు ఇంట్లో కరెంటు పెట్టనే కూడదు. నిపుణుని చేతికివ్వాలి.

ఇక అసలు చిక్కు. ఆ ఇంటి డిస్కు తెరుచుకొంది. ఫైళ్లు ఉన్నాయి. కొత్త కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు! మనుమడు "పాడైపోయింది" అని చెరపబోయాడు. చెయ్యి పట్టుకొని ఆపాను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లో అది నిలదొక్కుకొన్నది 2001 నాటి ఎక్స్‌పీతో. అచ్చుపనిలో ఆ తరువాత కూడా చాలాకాలం అను వంటి ఫాంట్లే నడిచాయి. వాటిలో 'క' రూపం ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చొని ఉంటుంది. ఆ ఫాంటు లేనిదే తెలుగు కనబడదు. కాబట్టి ఫైళ్లతోపాటు పాత యంత్రంలోని ఫాంట్ల సంచయాన్ని కూడా నకలు తీయండి. వీలైతే అక్కడే ముద్రించుకొని, తరువాత యూనికోడ్‌లోకి మార్చండి. మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి. తెలుగు చదవగల మనిషి కూర్చొని దిద్దక తప్పదు. ఆ మనిషి ఈ పేటలో రోజురోజుకూ అరుదైపోతున్నాడు.

ఆ సాయంత్రం ఫాంటు ఎక్కించగానే మొదటి పాట తెర మీద నిలిచింది. మనుమడికి తెలుగు లిపి రాదు. నాయనమ్మ కళ్లద్దాలు తెచ్చుకొని పైకి చదివింది. రెండో చరణానికి ఆమె చదవడం మాని పాడింది.

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే ఉంటాను. నిలిచిపోయిన పెట్టెలు ఉన్నవారు తీసుకొని రండి. మానిటరు మోసుకురానక్కరలేదు. తెలుగు చదవడం వచ్చిన పెద్దలు మాత్రం తప్పక రావాలి.