ఆపేసిన రియాక్టర్ ఎందుకు చల్లారదు? కనపడని గామాల లెక్క

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. గ్యాస్ స్టవ్ ఆపేస్తే మంట పోతుంది. మరి అణు రియాక్టర్ ఆపేస్తే వేడి పోతుందా? పోదు. మన కథంతా అక్కడే ఉంది.

2011 మార్చి 11. జపాన్‌లో భూకంపం రాగానే ఫుకుషిమా దాయిచీలో నడుస్తున్న మూడు రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. రెండో యూనిట్‌నే తీసుకోండి. నడిచేటప్పుడు దాని వేడి 2,381 మెగావాట్లు. ఆపిన గంటకి కూడా అందులో సుమారు ఒకటిన్నర శాతం మిగిలే ఉంటుంది. శాతంలో వింటే చిన్నదే. లెక్కేస్తే 35 మెగావాట్లు! సునామీకి కరెంటు పోయింది, చల్లబరిచే ఏర్పాట్లు ఒక్కొక్కటిగా ఆగాయి, మూడింటిలోనూ ఇంధనం కరిగిపోయింది.

ఈ వేడి ఎక్కడిది? యురేనియం చీలినప్పుడు పుట్టిన ముక్కల్లో న్యూట్రాన్లు మరీ ఎక్కువ. అందుకే ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది, ఒక ఎలక్ట్రాన్, ఒక యాంటీన్యూట్రినో బయటికొస్తాయి. ఇదే బీటా క్షయం. కొత్త కేంద్రకంలో ఇంకా ఎనర్జీ మిగిలితే దాన్ని గామా కిరణాలుగా వదిలేస్తుంది. ఎలక్ట్రాన్లు, గామాలు కలిసి ఇచ్చేదే మనం చెప్పుకున్న వేడి. అయితే ఏ కేంద్రకం ఎంత వదులుతుందో కొలిచి, అన్నీ కూడేస్తే సరిపోతుంది కదా? నేనూ మొదట అలాగే అనుకున్నా.

ఇప్పుడు ఒక ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్ ఊహించుకోండి. హెలికాప్టర్ మనుషుల్ని రకరకాల అంతస్తుల్లో దింపుతోంది. వాళ్లు మెట్ల మీదుగా కిందికి వస్తున్నారు. సీసీ కెమెరాలు మాత్రం కింది రెండు మూడు అంతస్తుల్లోనే సరిగ్గా పనిచేస్తున్నాయి. పద్దెనిమిదో అంతస్తులో దిగినవాడు కూడా మీకు రెండో అంతస్తులోనే కనిపిస్తాడు. మీరేం రాసుకుంటారు? ఇతను రెండో అంతస్తులోనే దిగాడు అని.

కేంద్రకంలోనూ అంతే. అంతస్తులంటే ఎనర్జీ లెవెల్స్. పైకి వెళ్లేకొద్దీ అవి కిక్కిరిసిపోతాయి, దిగే దారులు లెక్కలేనన్ని. ఒక్కో దారిలో వచ్చే గామాలు చాలా తక్కువ. జెర్మేనియం డిటెక్టర్ ఎనర్జీని చాలా కచ్చితంగా చెప్తుంది కానీ, ఇలాంటి బలహీనమైన గామాల్ని చాలావరకు వదిలేస్తుంది. 1977లో హార్డీ, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో ఒక కల్పిత కేంద్రకాన్ని తయారుచేసి ఇది చూపించారు. దానికి పాండెమోనియం అని పేరు పెట్టారు. మిల్టన్ కావ్యంలో నరకానికి రాజధాని పేరది!

మరి దారేంటి? ఒక్కో మెట్టూ చూడటం మానేసి, దిగిన మొత్తం ఎత్తు కొలవడం. శాంపిల్ చుట్టూ పెద్ద సోడియం అయోడైడ్ క్రిస్టల్ పెడతారు. ఒక క్షయంలో వచ్చిన గామాలన్నీ అందులోనే ఆగితే, వాటి మొత్తమే మొదట దిగిన అంతస్తు. దీన్ని టోటల్ అబ్జార్ప్షన్ పద్ధతి అంటారు. అయితే అన్నీ ఆగవు. అందుకని డేటా విప్పడానికి స్టాటిస్టిక్స్ కావాలి. ఏ ఎనర్జీ దగ్గర లెవెల్స్ ఎంత దట్టంగా ఉన్నాయి? ఏ ఎనర్జీ గామా రావడానికి ఎంత అవకాశం? జాతరలో అందరి పేర్లూ రాసుకోలేం, కానీ ఎక్కడ ఎంత రద్దీ ఉందో చెప్పగలం. అలా అన్నమాట.

ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో ఇలా కొన్ని కేంద్రకాల్ని కొలిచి, 2010లో ఫలితాలు ప్రకటించారు. టెక్నీషియం 105 ఇచ్చే సగటు గామా ఎనర్జీ పాత లెక్కకి రెండు రెట్ల కంటే ఎక్కువ వచ్చింది! దాంతో ప్లుటోనియం 239 విషయంలో లెక్కకీ, కొలతకీ మధ్య ఎన్నో ఏళ్లుగా ఉన్న తేడాలో పెద్ద భాగం తీరింది. ఫుకుషిమా ప్రమాదానికి కారణం ఈ డేటా కాదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ ఎలక్ట్రాన్లు ఇంధనంలోనే ఆగిపోతాయి, గామాలు దూరం పోతాయి. ఏది ఎంతో తెలియకపోతే వేడి ఎక్కడ పడుతుందో, ఎంత రక్షణ గోడ కావాలో సరిగ్గా చెప్పలేం.

ఇంకో సంగతి. 2014లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో గాలియం 76 బీటా క్షయం నుంచి ఆ రెండు స్టాటిస్టికల్ లెక్కల్నీ రాబట్టారు. వాటితో, ఒక కేంద్రకం న్యూట్రాన్‌ని ఎంత సులువుగా పట్టుకుంటుందో అంచనా వేయొచ్చు. క్షణాల్లో మాయమయ్యే కేంద్రకాలతో టార్గెట్ చేసి నేరుగా కొలవలేం కదా, అందుకే ఈ చుట్టుదారి. అమ్మ మెడలోని బంగారం విశ్వంలో ఎలా తయారైందో చెప్పాలంటే ఇలాంటి అంకెలే కావాలి.

నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. పాత డిటెక్టర్ అబద్ధం చెప్పలేదు. కనిపించింది నిజంగానే చూపించింది. కనిపించనిది లేదనుకున్నాం చూడండి, తప్పు అక్కడ జరిగింది. మీ డౌట్స్ కామెంట్‌లో అడగండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.