పరిశోధన ఆమె వాకిట్లోకి రావాలి

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని, విశ్రాంత పశువైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో పదో తరగతి చదివే రోజుల్లో నేను పశువుల డాక్టరునవుతానంటే, "ఆడపిల్లకు ఎద్దులతో పనేమిటి?" అన్నవాళ్లు ఊళ్లో చాలామంది. మా సైన్సు మాస్టారు మాత్రం, "ఎద్దు సంగతి సరే. కోళ్లను గంపలో మూసేది, మేకకు కొమ్మ నరికి వేసేది, గేదె పాలు పితికేది ఎవరమ్మా? ఆడవాళ్లే కదా! వాళ్ల మాట వినే డాక్టరు ఒకరుండాలి" అన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ ఉద్యోగమే చేశాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం మహిళా సాధికారత. మాట పెద్దది. నాకు తెలిసిన పశువుల కొట్టం దారిలోనే దాని దగ్గరికి వెళ్తాను.

2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక లెక్క చెప్పింది. విత్తనం, ఎరువు, అప్పు, శిక్షణ మగ రైతులకు అందినట్టే ఆడ రైతులకూ అందితే, వాళ్ల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందని దాని సారాంశం. మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం, సాగు కమతాల్లో మహిళల పేరున ఉన్నవి సుమారు 14 శాతమే. పొలం పనిలో పెద్ద వాటా మోసే చేతులకు భూమి మీద ఉన్న హక్కు అంత! కానీ కోడికి పట్టాదారు పాసుపుస్తకం అక్కర్లేదు. మేకను కొనడానికి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు. భూమి లేని ఆడమనిషికి కూడా నాది అని చెప్పుకోగల ఆస్తి అదే. అందుకే పశువుల మీద జరిగే పరిశోధన ఆమెకు నేరుగా తగులుతుంది, మేలైనా కీడైనా.

మొదట కోడి సంగతి. కొక్కెర తెగులు మీ అందరికీ తెలుసు. కోళ్లు తూగుతాయి, ఆకుపచ్చగా పారుకుంటాయి, మెడ మెలితిరిగిపోతుంది. వారం తిరిగేసరికి గంప ఖాళీ. రాణిఖేత్‌లో బయటపడింది కాబట్టి మన దేశంలో దానికి ఆ పేరు. ఇంగ్లండులో న్యూకాజిల్ వ్యాధి అంటారు. దీనికి టీకా దశాబ్దాలుగా ఉంది. పిల్లకు వారం రోజులప్పుడు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. మరి ఇంకా కోళ్లు ఎందుకు చస్తున్నాయి? సీసాలో సాధారణంగా వంద డోసులకు తక్కువ ఉండవు. ఇంటికి పదే కోళ్లు. మందు ఐసులో ఉండాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. తెల్లవారి గంప ఎత్తాక కోడి దొరకదు. మేము ఆఫీసు వేళకు జీపులో వెళ్లేసరికి కోళ్లన్నీ పెంటకుప్పల మీద ఉండేవి, ఆడవాళ్లంతా కూలికి పోయి ఉండేవారు. టీకా బాగానే ఉంది. దాన్ని వేసే వేళ మాత్రం ఆమె వేళ కాదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ నిధులతో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పారు. వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాను తయారుచేశారు. కంట్లో ఒక్క చుక్క, నాలుగు నెలలకోసారి. సూది లేదు కాబట్టి ఎవరైనా నేర్చుకోవచ్చు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లకే, ముఖ్యంగా ఆడవాళ్లకు, శిక్షణ ఇచ్చి కోడికింత అని చిన్న రుసుముతో వేయించారు. టీకా ఊరికి వచ్చింది, వేసే ఆమెకు ఆదాయమూ వచ్చింది.

మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్లను ఇచ్చింది. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే ఇవి అంతకు చాలా ఎక్కువ పెడతాయి. మంచిదే. కానీ ఇవి పొదగడం తక్కువ. ప్రతిసారీ పిల్లలను బయటి నుంచి కొని తెచ్చుకోవాలి. నాటుపెట్ట తన పిల్లలను తానే పొదిగి, గద్ద కంట పడకుండా రెక్కల కింద దాచుకుంటుంది. గుడ్ల లెక్క ఒక్కటే చూస్తే కొత్త రకమే మేలు. పైసా పెట్టుబడి లేని మనిషి దృష్టితో చూస్తే లెక్క మారుతుంది. ఏది కావాలో ఆమెనే అడిగి ఇవ్వాలి.

పంటల పరిశోధనలోనూ ఇంతే. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ ఆఫ్రికాలోని మలావిలో వేరుశనగ మీద పనిచేసింది. అక్కడ వేరుశనగ ఆడవాళ్ల పంట. అధిక దిగుబడినిచ్చే సి.జి.7 రకం 1990లో అక్కడ విడుదలైంది. దిగుబడి పెరిగితే సంతోషమే, కానీ ఒలవాల్సిన కాయ కూడా పెరుగుతుంది. ఒలిచేది ఆడవాళ్లూ పిల్లలే, అదీ చేత్తోనే. వేళ్లు పుళ్లు పడుతుంటే కాయను నీళ్లలో తడిపి ఒలుస్తారు. తడిసిన గింజకు బూజు పడుతుంది, బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. బేరగాడు ఆ సరుకు కొనడు. చివరికి అది ఇంట్లోవాళ్ల పళ్లెంలోకే చేరుతుంది. అందుకే ఆ విషాన్ని చవగ్గా కనిపెట్టే పరీక్షతో పాటు, చేత్తో తిప్పి కాయ ఒలిచే చిన్న యంత్రం కూడా కావలసి వచ్చింది. "ఎకరాకు ఎంత?" అనే ప్రశ్న పక్కన "ఒలిచేది ఎవరు?" అనే ప్రశ్న కూడా ఉంటే తప్ప ఈ సంగతి బయటపడదు.

మూడోది డబ్బు. గేదెకు గడ్డి కోసేది ఆమె, పాల డబ్బు తీసుకునేది ఆయన. చాలా ఇళ్లలో ఇదే తీరు. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 2002లో మహిళలే సభ్యులుగా పాల డెయిరీ మొదలైంది. స్వకృషి పేరుతో మీలో చాలామంది ఆ పాలు తాగి ఉంటారు. అక్కడ పాలు పోసేది ఆమె, ఓటు ఆమెది, పాలకవర్గం ఆమెది, డబ్బు ఆమె పేరున. అప్పుడు దాణా, టీకా, పశుగ్రాస విత్తనం గురించి ఎవరు ఏం చెప్పినా ఆమె చెవిన పడుతుంది, ఎందుకంటే నిర్ణయం ఆమెది.

2012లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికా సహాయ సంస్థ కలిసి వ్యవసాయంలో మహిళా సాధికారతను కొలిచే సూచిక ఒకటి తెచ్చారు. సాగు నిర్ణయాలు, ఆస్తులు, ఆదాయం మీద అదుపు, నాయకత్వం, సమయం అనే అయిదింటిని ఇది చూస్తుంది. ఒకే ఇంట్లో ఆయన్ను, ఆమెను వేరువేరుగా కూర్చోబెట్టి అడుగుతారు. నాకు నచ్చింది ఆ చివరిది, సమయం. కొత్త పథకం వచ్చి ఆమె రోజుకు రెండు గంటల చాకిరీ కలిపితే, దాన్ని సాధికారత అనడానికి ఆ సూచిక ఒప్పుకోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన స్వర్ణోత్సవ నిధితో బడికి స్వాగత తోరణం కట్టాలనే ప్రతిపాదన ఉందని విన్నాను. తోరణం వద్దనను. అందులో కొంత తగ్గించి రెండు పనులు చేద్దామని నా మనవి.

ఒకటి, ఏటా మన బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలను పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్‌కు పంపి, ఫీజు, హాస్టలు ఖర్చు భరిద్దాం. రెండు, ఒక మంచి ఐసు పెట్టె కొని, మూడు నెలలకోసారి తెల్లవారుజామున, గంప ఎత్తకముందే, చుట్టుపక్కల ఊళ్లలో కోళ్లకు టీకా వేయిద్దాం. మందు పశువుల ఆసుపత్రి నుంచి తెచ్చే పూచీ నాది. వేయడానికి ఊరికి ఇద్దరు మహిళలకు నేనే నేర్పుతాను. వాళ్లకు కూలి మనమివ్వాలి, ఉచిత సేవ అనకూడదు.

తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఇంటికి ఎన్ని కోళ్లు, ఎన్ని చచ్చాయి, ఎన్ని అమ్మారు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది? ఈ చివరి ప్రశ్న తప్పకుండా ఉండాలి, దాన్ని ఇంటి ఆడవాళ్లనే విడిగా అడగాలి. మూడేళ్లు రాస్తే అదే మన బడి పరిశోధన. దాంతో ఏ విశ్వవిద్యాలయం తలుపైనా తట్టవచ్చు.

సాయంత్రం కార్యవర్గ సమావేశంలో ఈ రెండు పనులను చర్చకు పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను. నా వంతుగా ఒక నెల పింఛను ఇప్పుడే కోశాధికారికి ఇస్తున్నాను.